దుబాసీ మీద అభియోగం

విశ్వవిద్యాలయ వసతిగృహం,
పెదకాకాని దగ్గర.
6 జనవరి 2025

పిన్నీ,

నీ నోట్లోని మాటను తీసి పారేసి, ఆ చోట నా మాటను పెట్టానన్నది నా మీద నీ అభియోగం. మీ సంఘం హెలెన్‌తో నువ్వు పంపిన చీటీలో ఇంతకు మించి ఒక్క వాక్యం లేదు. ఆశీస్సులు కూడా లేవు. సరే, సమాధానం చెబుతాను. వాదించడం తప్ప నాకు మరో విద్య రాదని అనేది నువ్వే కదా.

జరిగినదాన్ని ముందుగా ఒప్పుకుంటాను. డిసెంబరు పన్నెండున, తాడేపల్లి సమావేశ మందిరంలో, పద్నాలుగు దేశాల మహిళా రైతు సమాఖ్య ప్రతినిధుల ముందు నువ్వు మాట్లాడావు. నీ తెలుగును ఇంగ్లీషు చేయడానికి నన్ను దుబాసీగా కూర్చోబెట్టారు. నీ చేతిలో ఉన్నది మీ బావగారు చెంచయ్య రాసిచ్చిన కాగితం. "వేములమిట్ట మహిళా మిర్చి రైతుల సంఘంలో మూడువందల పన్నెండు మందిమి ఉన్నాము. అధ్యక్షురాలిగా నిర్ణయాలన్నీ స్వతంత్రంగా నేనే తీసుకుంటున్నాను" అని నువ్వు చదివావు. నేను ఇంగ్లీషులో చెప్పింది వేరు. "ఈమె నాలుగేళ్లుగా అధ్యక్షురాలు. సంఘం ముద్రను ఈమె ఎన్నడూ ముట్టుకోలేదు. అది ఈమె భర్తకు అన్నగారైన కమీషన్ వ్యాపారి చొక్కా జేబులో ఉంటుంది. ఈ ఉపన్యాసం రాసింది కూడా ఆయనే" అన్నాను.

నువ్వు చప్పట్ల కోసం ఆగావు. చప్పట్లు రాలేదు. అప్పుడు నా వైపు తిరిగి చూశావు. ఆ చూపు నాకు గుర్తుంది, కాబట్టి దాన్ని మళ్లీ గుర్తుచేసి నన్ను ఓడించాలని చూడకు.

ఇప్పుడు నా వాదం విను. నేను చెప్పినదాంట్లో అబద్ధం ఎక్కడుంది? అబద్ధాన్ని ఒక భాష నుంచి మరో భాషకు భద్రంగా మోసుకెళ్లే దుబాసీ ఆ అబద్ధంలో కూలికి కుదిరిన మనిషి. నేను ఆ కూలికి ఒప్పుకోలేదు. మీ బావగారు నీ నోట్లో మాట పెడితే దానికి కుటుంబ మర్యాద అని పేరు. నేను దాన్ని బయటికి తీస్తే దొంగతనమా?

ఫలితం చూడు. సమాఖ్య షరతు పెట్టింది. తొంభై రోజుల్లోపు, గదిలో ఒక్క మగవాడు లేకుండా, మీ సంఘం స్త్రీలే తమ అధ్యక్షురాలిని ఎన్నుకోవాలి. ముద్ర ఎవరి దగ్గర ఉండాలో వాళ్లే తేల్చాలి. అప్పుడే ప్రతినిధులు మీ ఊరికి వచ్చి ఒప్పందం మీద సంతకం చేసి, మీ మిర్చిని దళారీ లేకుండా నేరుగా కొంటారు. అప్పుడే సమాఖ్య మండలిలో ఓటు హక్కు ఉన్న ఒక కుర్చీ ఈ మిరప నేలకు దక్కుతుంది. కెన్యా, పెరూ స్త్రీల పక్కన వేములమిట్ట స్త్రీ కూర్చుని ధరలూ నియమాలూ నిర్ణయిస్తుంది. ఇది నేను చేసిన నేరమైతే, శిక్ష ఏమిటో చెప్పు.

అమూల్య


వేములమిట్ట.
23 జనవరి

అమూల్యకు,

అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి చేతికి కాటా దగ్గర దెబ్బ తగిలింది. తగ్గుతుంది. ఫోను మీ బాబాయి తీసుకున్నాడు. అందుకే ఉత్తరం. జవాబు హెలెన్ పేరు మీద రాయి. ఇంటికి రాయకు.

వాదంలో నువ్వే గెలిచావు. నీతో ఎవరు గెలిచారు గనక.

ఒక్క సంగతి చెబుతాను. ఆ కాగితం బావగారి మీద భక్తితో చదివాననుకున్నావా? హెలెనూ నేనూ ఆరు నెలలు ఆలోచించిన పని అది. ఒప్పందం ముందు కుదరనీ అనుకున్నాం. కాయలు నేరుగా పోతే, బ్యాంకు కాగితాల మీద ఇద్దరు ఆడవాళ్ల సంతకాలు చాలని సమాఖ్య నియమం. ఆ తర్వాత ముద్ర ఆయన జేబులో ఉంటేనేం, చెరువులో ఉంటేనేం. గొడవ లేకుండా ఎండుటాకు రాలినట్టు రాలిపోయేవాడు. అందుకే ఆయన రాసిన అబద్ధాన్ని నేను కళ్లు తెరుచుకునే చదివాను.

నువ్వు చెప్పింది అబద్ధమని నేననలేదు. నన్ను అడగలేదన్నాను. ఆయనా అడగడు, నువ్వూ అడగలేదు. ఆయన తెలుగులో, నువ్వు ఇంగ్లీషులో.

సమాఖ్య ఉత్తరం తెలుగులో కూడా వచ్చింది. బావగారు దాన్ని కల్లంలో, కాయలకు ముచ్చికలు తీస్తున్న ఆడవాళ్లందరి ముందూ చదివాడు. తర్వాత, "ఏమ్మా కనకం, నీకు దేశదేశాల చుట్టాలున్నారని మాకు తెలీదే" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వకపోతే మర్నాడు కూలికి పిలవడు.

బాగా చదువుకో.

పిన్ని


వసతిగృహం.
5 ఫిబ్రవరి

పిన్నీ,

హెలెన్ నిన్న ఇక్కడికి వచ్చింది. సంఘానికి ఉపాధ్యక్షురాలు కదా, సమాఖ్య కాగితాలేవో కావాలని వచ్చింది. నా గదిలో కూర్చుని అన్నం తింటూ, నేను అడగకుండానే చెప్పింది. ఆవిడ మాటలు ఆవిడ మాటలుగానే రాస్తాను. ఈసారి ఏమీ మార్చను.

"కాటా దగ్గర దెబ్బని రాసిందా మీ పిన్ని? దెబ్బే. కల్లంలో నలభై మందిమి ఉన్నాం. చెంచయ్య జేబులోంచి ముద్ర తీశాడు. 'కావాలమ్మా? చెయ్యి చాపు' అన్నాడు. చాపింది. ఇస్తాడనుకుంది పిచ్చిది. ముద్ర అరచేతిలో పెట్టాడు. నీ బాబాయి వెంకయ్య మణికట్టు పట్టుకుని కాటా బల్ల మీద అదిమిపెట్టాడు. వాడు పట్టుకుంటే ఈయన అయిదు కిలోల గుండు ఎత్తి కొట్టాడు. మూడు వేళ్లు. ఎముకలు విరిగిన చప్పుడు మాకు వినపడింది. ముద్ర నెత్తుట్లో పడితే లుంగీకి తుడుచుకుని మళ్లీ జేబులో వేసుకున్నాడు. 'ఇక సంతకాలెవరు పెడతారో చూద్దాం' అన్నాడు. మేం ముచ్చికలు తీస్తానే ఉన్నాం. అది నువ్వు ఇంగ్లీషులో చెప్పుకుంటావో ఏం చేసుకుంటావో."

హెలెన్ చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది. నేను ఆ రోజు తరగతికి పోలేదు.

నువ్వు దాన్ని చిన్న దెబ్బలా రాశావు. మాట దాచింది ఈసారి నువ్వు. పోలీసుల దగ్గరికి ఎందుకు పోలేదు? మణికట్టు పట్టుకున్నవాడికి రాత్రి కంచంలో అన్నం ఎవరు పెట్టారు? నువ్వేనా, విరిగిన చేత్తోనేనా?

క్షమించమని రాయడానికి కూర్చున్నాను. మళ్లీ వాదమే వస్తోంది. రానీ. నీ ఎండుటాకు ఉపాయం ఇక పనిచెయ్యదు. అది చెడగొట్టింది నేనే, ఒప్పుకుంటున్నాను. కానీ ఇప్పుడు వెనక్కి తగ్గితే, ఆ గుండు దెబ్బకు ఊరంతా ఒక అర్థం చెప్పుకుంటుంది. చెయ్యి చాపిన ఆడదానికి జరిగేది ఇదీ అని. ఆ అర్థం నీ మనవరాళ్ల కాలం దాకా బతుకుతుంది.

ఎన్నిక జరపండి. మార్చి పన్నెండు ఆఖరు గడువు. పేటకు కొందరు చొప్పున ప్రతినిధుల్ని పిలవండి. చీటీల మీద రహస్య ఓటు. ఊళ్లో మగవాళ్లెవరూ అడుగుపెట్టని గది చూసుకోండి, తలుపుకు లోపలి నుంచి గడియ వేసుకోండి, లెక్క తేలేవరకూ తీయకండి.

అమూల్య


వేములమిట్ట.
26 ఫిబ్రవరి

అమూల్యకు,

అవును, అన్నం నేనే పెట్టాను. ఎడమ చేత్తో. తిన్నాడు కూడా. అది నీకు ఎలా చెప్పినా అర్థం కాదు, వదిలేయి.

పోలీసుల దగ్గరికి ఎందుకు పోలేదంటే, పోతే ఎన్నిక ఆగిపోతుంది. ఊరు రెండుగా చీలి కేసు ఒక్కటే మిగులుతుంది. నేను వెనక్కి తగ్గడం లేదు. నువ్వు రాశావని కాదు. ముద్ర అరచేతిలో పడినప్పుడు, ఆ ఒక్క క్షణం, దాని బరువు తెలిసింది. అందుకు.

మగవాళ్లు రాని గది వెతికాం. పంచాయతీ కాదు, గుడి కాదు. బడి తాళం బావగారి దగ్గర. చివరికి అత్తయ్య చేలో పాత పొగాకు బ్యారన్ ఖాయం చేశాం. పొగాకు వేయడం మానేసి పదేళ్లయింది. నువ్వు చిన్నప్పుడు చూశావు. నిలువుగా పొడుగు గది, కిటికీలు లేవు, ఒకటే తలుపు, ఆకు వేలాడదీయడానికి పై వరకూ అడ్డదూలాలు. గోడ బయట పొయ్యి, లోపల నేల మీద వేడి తిరిగే ఇనుప గొట్టాలు. మార్చి తొమ్మిది ఆదివారం. యాభై ఎనిమిది మంది వస్తామన్నారు.

మా అత్తయ్య వెంకటేశ్వరమ్మ సంగతి చెబితే నవ్వుతావు. మూడెకరాలు ఆవిడ పేరున ఉన్నాయి కాబట్టి ఆవిడా సభ్యురాలే. నిన్న కాళ్లు పడుతుంటే అడిగింది.

"ఏమే, నాకు ఓటుందా?"

"ఉందత్తయ్యా."

"మరి నాలుగేళ్లుగా ఎవడూ పిలవలేదేం?"

"మీ వేలిముద్ర పెద్దబ్బాయి ఇంట్లోనే వేయించుకుంటాడుగా."

"అది పింఛను కాగితమనుకున్నానే. సచ్చినోడు. తల్లి వేలు కూడా వదల్లేదు."

నా కట్టు మీద చెయ్యి వేసింది. "ఇద్దర్నీ కన్నది నేనే. కొట్టినోణ్ణీ నేనే, పట్టుకున్నోణ్ణీ నేనే. నా ఓటు నీకేస్తా. ఊరికే కాదు, నా వేలు నాకు తెచ్చిపెట్టు" అంది. ఆదివారం పెదకాకాని గుడికి మొక్కు తీర్చుకోవడానికి వెళ్తున్నానని కొడుకులకు చెప్పింది. తెల్లారకముందే హెలెన్ ఆటోలో ఎక్కించుకుని బ్యారన్‌కు తీసుకొస్తుంది.

పిన్ని


ఆసుపత్రి, గుంటూరు.
18 మార్చి

అమూల్యకు,

హెలెన్ రాస్తోంది. నా కళ్లకు కట్టు ఉంది. ఆమె కాలికి సిమెంటు కట్టు. పక్క మంచమే. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను.

నువ్వు ఆసుపత్రికి రెండుసార్లు వచ్చావట. రానివ్వొద్దని నేనే చెప్పాను. నీ గొంతు వింటే చెప్పాలనుకున్నది చెప్పలేను.

పదకొండు గంటలకు ఓట్లు వేయడం అయింది. తలుపు లోపలి నుంచి గడియ వేసే ఉంది. హెలెన్ చీటీలు విప్పి పైకి చదువుతోంది. నలభై దాకా వచ్చాక ఎవరో దగ్గారు. తర్వాత ఇంకొకరు. వాసన నాకే ముందు తెలిసింది. తాలు కాయలు. రంగుపోయి పక్కన పారేసిన మిరపకాయల్ని బస్తాలు బస్తాలుగా బయట పొయ్యిలో గుమ్మరించి నిప్పు పెట్టారు. గొట్టాలు తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి. పొగ నేలలోంచి లేచింది. ఇంట్లో పోపులో ఒక్క ఎండుమిరపకాయ మాడితేనే వీధి దగ్గుతుంది. నాలుగు బస్తాలు, అమూల్యా.

గడియ తీశాం. తలుపు రాలేదు. బయట గొళ్లెం పెట్టి గడ్డపార దూర్చారు. బావగారి గొంతు వినపడింది. "తలుపేసుకుంది మీరేగా. ఊపిరాడకపోతే విదేశాల నుంచి తెప్పించుకోండి."

కళ్లలో నిప్పులు పోసినట్టయింది. యాభై ఎనిమిది మందిమి ఒకరి మీద ఒకరం పడ్డాం. కొందరు కొంగులు తడుపుదామని నీళ్ల బిందె కోసం కొట్టుకున్నారు. బిందె దొర్లిపోయింది. ఒకామె గోళ్లతో గోడ గీరుతోంది, సున్నం రాలడం నా మొహం మీద తెలుస్తోంది. నా కాలి కింద ఎవరి చెయ్యో పడింది. ఎవరిదో ఇప్పటికీ తెలీదు. అత్తయ్య తల నా ఒళ్లో పెట్టుకుని నేలకు ఆనించాను. అది తప్పు. పొగ కిందనుంచే వస్తోంది. నాకు ఆ ఆలోచన రాలేదు.

హెలెన్ అడ్డదూలాలు పట్టుకుని పైకి ఎక్కింది. నాలుగు వరసలు. పైరేకు తలతో, మోచేతులతో కొట్టి ఊడగొట్టి బయటికి తల పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంటి మగవాళ్లని ఎదురుగా ఎప్పుడూ ఏకవచనంతో పిలవని మనిషి, అక్కడినుంచి అరిచింది. "ఒరేయ్ వెంకయ్యా, మీ అమ్మ లోపలుందిరా."

(హెలెన్ మాట: అరిచాక పట్టు తప్పి కింద పడ్డాను. అలా అరిచినందుకు వెంకయ్య గారు ఇప్పటిదాకా ఏమీ అనలేదు.)

మీ బాబాయి గడ్డపార పీకి తలుపు తీశాడు. బావగారు పొయ్యి దగ్గరే నిలబడి, "అమ్మ పెదకాకానిలో ఉందిరా, ఆడాళ్ల మాటలు నమ్మకు" అని ఇంకో గంప పోస్తున్నాడట. ఆ గంప పోసినప్పుడు అత్తయ్యకు ఇంకా ఊపిరుంది. నా చెంప తడిమి అడిగింది. "లెక్క అయిందా?" అని. అయిందన్నాను. అప్పటికి కాలేదు.

తర్వాత ఆసుపత్రిలో హెలెన్ కొంగు ముడి విప్పి మిగతా చీటీలు లెక్కపెట్టింది. యాభై ఎనిమిదిలో యాభై ఒకటి నాకు.

రేపు అత్తయ్య పెద్దకర్మ. నిన్న మీ బాబాయి ఇక్కడికి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. "అన్న జైల్లో ఉన్నాడు కనకం. భోజనాలకు వంట చేస్తుంటే నిప్పంటుకుందని ఒక్క మాట చెప్పు. పెద్దకొడుకు లేకుండా అమ్మ కర్మ ఎట్టా?" అన్నాడు. "తాలు కాయలతో ఏ కూర వండారయ్యా?" అని అడిగాను. ఏడ్చాడు. నా దగ్గర జాలి ఉంది, కానీ అది అబద్ధానికి సరిపడా లేదు. ఈ ఉదయం మేజిస్ట్రేటుకు వాంగ్మూలం ఇచ్చాను. గుండు ఎత్తినవాడి పేరూ చెప్పాను, మణికట్టు పట్టుకున్నవాడి పేరూ చెప్పాను.

ఇప్పుడు నీ వంతు. బావగారి వకీలు ఒకటే పాట పాడుతున్నాడు. "తాడేపల్లిలో ఆవిడ సంతోషంగా మాట్లాడింది, రికార్డు ఉంది. చదువుకున్న పిల్ల దాన్ని మార్చి విదేశీయుల్ని రెచ్చగొట్టింది. గొడవంతా దుబాసీ పుట్టించింది" అని. నువ్వు మార్చిన సంగతి వాళ్ల నోట సమాఖ్యకు చేరకముందే నీ నోట రావాలి. సమాఖ్య ముందు నిలబడి ఒప్పుకో.

పిన్ని


వసతిగృహం.
25 మార్చి

పిన్నీ,

తలుపుకు లోపలి నుంచి గడియ వేసుకోమని రాసింది నేను. ఆ వాక్యానికి నా దగ్గర ఏ వాదమూ లేదు. ఏడు రోజులు వెతికాను.

నీకు తెలియని సంగతి ఒకటుంది. సమాఖ్య నుంచి నిన్న ఉత్తరం వచ్చింది. "జరిగిన విషాదానికి తీవ్రంగా చింతిస్తూ, భద్రతా కారణాల దృష్ట్యా వేములమిట్ట పర్యటననూ ఒప్పందాన్నీ నిరవధికంగా వాయిదా వేస్తున్నాం." చివర కొవ్వొత్తి బొమ్మ వేశారు. ఏప్రిల్ పన్నెండున తాడేపల్లిలో తుది సమావేశం. మిమ్మల్ని జాబితా నుంచి తీసేయడం అక్కడే ఖాయం చేస్తారు.

ఇప్పుడు నేను లేచి, ఆ రోజు తప్పుగా అనువదించానని చెబితే, భయపడి తప్పుకుంటున్నవాళ్లకు నీతిగా తప్పుకునే దారి దొరుకుతుంది. "షరతుకు ఆధారమే చెల్లదు" అంటారు. మీ అత్తయ్య ప్రాణం, నీ కళ్లు, హెలెన్ కాలు, యాభై ఒక్క ఓట్లు నా ఒప్పుకోలు కింద పడి నలిగిపోతాయి. నేను నోరు మూసుకోవడమే నీకు మేలు. ఈ మాట నేను రాయడం నాకే వింతగా ఉంది.

నీ అనుమతి లేకుండా ఈసారి ఏ పనీ చెయ్యను. చెప్పు.

అమూల్య


ఆసుపత్రి, గుంటూరు.
30 మార్చి

అమూల్యకు,

కట్టు విప్పారు. ఎడమ కంటికి వెలుతురు తెలుస్తోంది. కుడి కన్ను ఇక లేదన్నారు.

నువ్వు ఆ రోజు చెప్పింది నిజమే. కానీ నేను చెప్పలేదు. ఇప్పుడు నేను చెబుతున్నాను. తేడా అంతే, దాన్ని వాళ్లకు చెప్పడానికి భయమెందుకు? నిజం నీదిగా ఉన్నంతకాలం వకీలు నిన్ను కొట్టి దాన్ని చంపగలడు. నాదైతే నన్ను చంపాలి. అది ప్రయత్నించి చూశారు.

దీనితో కాగితం పంపుతున్నాను. హెలెన్ రాసింది, నేను చెప్పింది. చదువు. ఒక్క మాట కలపకు, ఒక్క మాట తీయకు. నీ ఒప్పుకోలు మాత్రం నీ మాటల్లో చెప్పుకో, అది నీది.

ఆశీస్సులతో,
పిన్ని


తాడేపల్లి.
12 ఏప్రిల్ 2025

సమాఖ్య ప్రతినిధులకు,

ఈ లేఖను మొదట తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో చదువుతాను. నన్ను నమ్మకండి. అందుకే నా పక్కన మరొక దుబాసీని కూర్చోబెట్టమని నేనే అడిగాను. నేను తప్పితే ఆమె ఆపుతుంది.

డిసెంబరు పన్నెండున ఇదే వేదిక మీద కనకలక్ష్మి గారి మాటలను నేను అనువదించలేదు. ఆమె చదివినదానికి బదులు, నాకు తెలిసినదాన్ని ఆమె పేరు మీద మీకు చెప్పాను. నేను చెప్పింది వాస్తవం. ఆమె అనుమతి లేకుండా చెప్పడం నేరం. ఒక స్త్రీ నాయకత్వం కోసం మాట్లాడుతున్నాననుకుంటూ, ఆమె నోటిని ఆమె బావగారు వాడుకున్నట్టే నేనూ వాడుకున్నాను. దానికి మూల్యం నేను చెల్లించలేదు. వేములమిట్టలో చెల్లించారు. దుబాసీగా ఇది నా ఆఖరి రోజు. ఇక ఆమె మాటలు వినండి.

"నా పేరు కనకలక్ష్మి. పోయినసారి నేను మీకు అబద్ధం చదివాను. మీ ఒప్పందం దక్కాలని తెలిసే చదివాను. ఈసారి నిజం చెబుతున్నాను, ఎవరూ రాసివ్వలేదు. మీరు షరతు పెట్టారు, గదిలో మగవాళ్లు ఉండకూడదని. ఉండలేదు. బయట ఉన్నారు. బయట ఎవరుంటారో మీరూ ఆలోచించలేదు, మేమూ ఆలోచించలేదు. మా అత్తగారు చనిపోయారు. అయినా మీ షరతు గడువులోపే నెరవేర్చాం. ఓటు పడింది, లెక్క తేలింది. మీరు భద్రత లేదని రావడం మానుకున్నారట. పొయ్యి వెలిగించినవాడు కోరుకున్నది కూడా అదే. ఆయన మా తలుపుకు గడ్డపార దూర్చాడు. మీరు ఉత్తరం దూర్చారు. మాకు కొవ్వొత్తులు వద్దు. జాలితో కాయలు కొనొద్దు, నాణ్యం చూసి కొనండి. మండలిలో మా కుర్చీ మాకు ఇవ్వండి. ఏప్రిల్ ఇరవై, ఉదయం తొమ్మిది గంటలకు ఆ బ్యారన్‌లో మళ్లీ సభ పెడుతున్నాం. ఈసారి తలుపు ఊడదీయించాను. అక్కడ సంతకం చేద్దాం."

ఆమె మాటలు ఇంతటితో అయిపోయాయి. ఆమె తరఫున కాదు, నా తరఫున ఒక్కటి అడుగుతున్నాను.

వాయిదా అన్న మాటను కాగితం మీద దాచకండి. మీరు ముప్ఫై ఆరుగురు ఇక్కడ కూర్చున్నారు. ఒక్కొక్కరే లేవండి. మీ పేరు, మీ దేశం చెప్పండి. ఇరవయ్యో తేదీన వేములమిట్టకు వస్తారో రారో చెప్పండి. రానివాళ్లు ఎందుకు రారో కూడా చెప్పండి. నా ఎదురుగా బల్ల మీద ఉన్న ఈ ఫోనులో కనకలక్ష్మి గారు ఆసుపత్రి మంచం మీద నుంచి వింటున్నారు. నేను ఏమీ అనువదించను. పక్కనున్న ఆమె అనువదిస్తుంది.

మొదటి వరుస, ఎడమ చివర నుంచి మొదలుపెట్టండి.